చిన్న జాతి కుక్కపిల్లలు: పుట్టిన గంట నుంచి మంచి ఇంటికి చేరే దాకా

"నలభై అయిదో రోజు వచ్చేసింది, పిల్లల్ని ఇచ్చేయొచ్చా?" "తల్లికి పాలు చాలడం లేదు, ఆవు పాలు పట్టొచ్చా?" విజయవాడలోనైనా గుంటూరులోనైనా పొమేరియనో, షిట్జునో, పగ్గో పిల్లల్ని పెట్టిన ఇళ్లవాళ్లు ముందుగా అడిగేవి ఈ రెండే. రెండింటికీ జవాబు వద్దనే. ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయాలో ఇక్కడ వరసగా ఉంది.

చిన్న జాతి పిల్ల పుట్టినప్పుడు సుమారు 100 నుంచి 200 గ్రాములు తూగుతుంది. బాగా చిన్న సైజు పొమేరియన్ పిల్ల అంతకన్నా తక్కువే ఉండొచ్చు. దాని ఒంట్లో కొవ్వు నిల్వ ఉండదు, వణికి ఒళ్లు వెచ్చబెట్టుకునే శక్తి మొదటి వారంలో ఉండదు. పెద్ద జాతి పిల్ల పూటంతా ఓర్చుకునే ఆకలిని ఇది రెండు మూడు గంటలు కూడా ఓర్చుకోలేదు. కాబట్టి ముందు వెచ్చదనం, తర్వాత బరువు, ఆ తర్వాత పాలు. ఈ వరస మారకూడదు.

ముందే తెచ్చి పెట్టుకోవాల్సినవి

- పెట్టె: తల్లి కాళ్లు చాపుకుని పడుకున్నా ఇంకా కొంత చోటు మిగలాలి. పొమేరియన్‌కి రెండున్నర అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు చాలు. గోడ ఎత్తు అడుగు. లోపల నాలుగు వైపులా, నేలకి మూడంగుళాల ఎత్తున, గోడ నుంచి మూడంగుళాలు ముందుకు ఒక కర్ర పట్టీ కొట్టించండి. తల్లి గోడకి ఆనుకుని పడుకున్నప్పుడు వెనక చిక్కిన పిల్ల ఆ సందులో బతికిపోతుంది.
- 1 గ్రాము తేడా చూపించే కిచెన్ డిజిటల్ కాటా. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.
- డిజిటల్ థర్మామీటర్లు రెండు (ఒకటి తల్లికి, ఒకటి పిల్లలకి), వాజలిన్. గదికి, పెట్టెకి వేరే థర్మామీటరు.
- పాత నూలు లుంగీలు, దుప్పట్లు ఓ పదిహేను ముక్కలు, ఉతికి ఎండబెట్టినవి. పోగులు వేలాడే బట్ట వద్దు, కాలికి చుట్టుకుంటుంది.
- మరిగించిన తెల్లదారం, కత్తెర, పోవిడోన్ అయోడిన్, దూది, చంటిపిల్లల ముక్కు శుభ్రం చేసే రబ్బరు బల్బు.
- సూది లేని 1, 2 మి.లీ. సిరంజీలు, గ్లూకోజ్ పొడి, కుక్కపిల్లల కోసమే చేసిన పాలపొడి డబ్బా ఒకటి. తల్లికి పాలు బాగా ఉంటే డబ్బా విప్పక్కర్లేదు. అవసరం మాత్రం ఎప్పుడూ రాత్రి రెండింటికే వస్తుంది, ఆ వేళ ఏ షాపూ తీసి ఉండదు.
- రాత్రి ఫోన్ ఎత్తే డాక్టర్ల నంబర్లు రెండు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి మన వైపు పెద్ద ఆధారం. అయితే గుంటూరు నుంచి వారధి దాటి అక్కడికి చేరేసరికి గంట దాటుతుంది. కాబట్టి సిజేరియన్ చేయగల దగ్గరి డాక్టరెవరో ముందే కనుక్కోండి, ఏ వేళల్లో దొరుకుతారో కూడా.

1. కాన్పుకి ముందు

చూలు సుమారు 63 రోజులు. 55వ రోజు దాటాక ఒక ఎక్స్‌రే తీయించండి. లోపల ఎన్ని పిల్లలున్నాయో తెలియకపోతే ఈనడం అయిపోయిందో లేదో మీకు తెలియదు. ఒకటే పిల్ల ఉంటే అది బాగా పెరిగి అడ్డం పడే అవకాశం ఎక్కువ. పగ్ లాంటి పెద్ద తల, చప్పిడి ముక్కు జాతుల్లో సిజేరియన్ తరచూ అవసరం పడుతుంది. ఆ మాట డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచండి.

మంచి చేస్తున్నామనుకుని చేసే పొరపాటు ఒకటుంది. చూలుతో ఉన్నప్పుడు కాల్షియం సిరప్ పట్టడం. బయటి నుంచి కాల్షియం ధారాళంగా అందితే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒంట్లో మందగిస్తుంది. ఈనాక పాలు ఒక్కసారి పొంగినప్పుడు రక్తంలో కాల్షియం పడిపోయి తల్లి ఫిట్స్‌తో కొట్టుకుంటుంది. చిన్న జాతుల్లో ఈ ముప్పు ఎక్కువ. డాక్టరు రాస్తే తప్ప కాల్షియం వద్దు. బదులుగా చివరి మూడు వారాలు తల్లికి పపీ ఫుడ్ పెట్టండి. పొట్టలో చోటు ఉండదు కాబట్టి కొంచెం కొంచెంగా రోజుకు నాలుగుసార్లు.

పది రోజుల ముందే పెట్టెని ఇంట్లో జనం తిరగని మూల పెట్టి తల్లిని అలవాటు చేయండి. 58వ రోజు నుంచి ఉదయం, సాయంత్రం జ్వరం చూడండి. మామూలుగా 101 ఫారన్‌హీట్ అటూ ఇటూ ఉండేది 99 కిందికి పడితే ఒక రోజు లోపు నొప్పులు వస్తాయి.

మన ఊళ్లలో చీమల సంగతి మరిచిపోవద్దు. కాన్పు వాసనకి ఎర్రచీమలు రాత్రికి రాత్రే వస్తాయి, కళ్లు తెరవని పిల్లని కుట్టి చంపేస్తాయి. పెట్టె కింద నాలుగు ఇటుకలో, స్టూలు కాళ్లో పెట్టి, ఒక్కోదాన్ని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. గమాక్సిన్ పొడి, చీమల చాక్ పీసు ఆ గదిలోకే రానివ్వొద్దు. తల్లి కాళ్లకి అంటుకుని నాలుకకి చేరుతుంది.

2. ఈనే రోజు

గోతులు తవ్వడం, రొప్పడం, తిండి మానేయడం, ఇది మొదటి దశ. పన్నెండు గంటల దాకా సాగొచ్చు. గట్టిగా ముక్కడం మొదలయ్యాక గడియారం చూసుకోండి.

కింది వాటిలో ఏది కనిపించినా ఇంకాసేపు చూద్దాం అనకుండా బండి తీయండి:

- గట్టిగా ముక్కుతూ అరగంట దాటినా పిల్ల రాకపోవడం
- మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనబడటం
- లోపల ఇంకా పిల్లలున్నాయని తెలిసీ రెండు గంటలు ఏమీ రాకపోవడం
- పిల్ల సగం బయటికొచ్చి ఆగిపోవడం
- తల్లి నీరసించి తల వాల్చేయడం

నొప్పులు పెరగడానికి ఇంట్లో ఇంజక్షన్ చేయించడం అన్నిటికన్నా ప్రమాదం. పిల్ల అడ్డం పడి ఉంటే గర్భసంచి చిట్లుతుంది.

పిల్ల రాగానే తల్లి పొర చింపి నాకాలి. అది చేయకపోతే ఆలస్యం చేయకుండా మీరే మూతి దగ్గర పొర చింపండి. రబ్బరు బల్బుతో నోరు, ముక్కు లాగి, తల కిందికి వాల్చి పట్టుకుని, పొడి బట్టతో వీపు గట్టిగా రుద్దండి. కీచుమనే దాకా రుద్దాలి. పిల్లని చేతుల్లో పట్టుకుని ఊపడం, విదిలించడం చాలామందికి అలవాటు. దాంతో మెదడులో రక్తం చిమ్ముతుంది, చేయొద్దు.

బొడ్డు తల్లి కొరక్కపోతే పొట్టకి అంగుళం దూరంలో దారం కట్టి, ముడికి అవతల కత్తిరించి, చివర అయోడిన్‌లో ముంచండి. మాయని గుంజితే బొడ్డు దగ్గర హెర్నియా (లోపలిది చర్మం కిందికి ఉబ్బుకు రావడం) రావొచ్చు. ఎన్ని పిల్లలో అన్ని మాయలు వచ్చాయా లేదా లెక్క రాసుకోండి. తల్లి ఒకటి రెండు మాయలు తింటే ఫర్వాలేదు, అన్నీ తింటే విరేచనాలవుతాయి.

పిల్లల్ని గుర్తుపట్టడానికి మెడకి ఊలు కట్టొద్దు. పిల్ల రోజురోజుకీ పెరుగుతుంది, ఊలు పెరగదు. ఒకదానికి కుడి భుజం మీద, ఇంకోదానికి ఎడమ తుంటి మీద, ఇలా ఒక్కోదానికీ ఒక్కోచోట చిటికెడు వెంట్రుకలు కత్తిరిస్తే సరిపోతుంది.

3. మొదటి రెండు రోజులు

పుట్టిన పన్నెండు గంటల లోపు ప్రతి పిల్లా ముర్రుపాలు తాగాలి. జబ్బుల్ని తట్టుకునే శక్తి దాంతోనే వస్తుంది. ఒక రోజు దాటాక పేగు దాన్ని పీల్చుకోదు. బలహీనంగా ఉన్న పిల్లని బాగా పాలు దిగే వెనక చన్నులకి మీరే పట్టించండి. బలమైన వాటిని పది నిమిషాలు పక్కన వెచ్చటి బుట్టలో పెట్టి దీనికి చోటివ్వండి.

అంగిలి చూడండి. చిటికెన వేలు నోట్లో పెట్టి పైభాగం తడిమితే చీలిక ఉంటే తెలుస్తుంది. పాలు ముక్కులోంచి వస్తున్నాయంటే ఇదే కారణం కావచ్చు. మలద్వారం ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి.

4. రోజూ తూకం

ఇక్కడ బద్ధకం పనికిరాదు. రోజూ ఒకే వేళకి, పాలు తాగక ముందు తూచి నోట్‌బుక్‌లో రాయండి. మొదటి రోజు పది శాతం దాకా తగ్గడం మామూలే. ఆ తర్వాత రోజుకి 5 నుంచి 10 శాతం పెరగాలి. పది రోజులకి పుట్టిన బరువుకి రెట్టింపు అవ్వాలి. ఉదాహరణకి 140 గ్రాములతో పుట్టిన పిల్ల మర్నాడు 132 ఉంటే కంగారు లేదు. మూడో రోజు 140 దాటి, పదో రోజుకి 280 దగ్గరికి రావాలి. మూడో రోజు కూడా 132 దగ్గరే నిలిచిపోతే, పిల్ల ఎంత హుషారుగా కనిపించినా సరే, అది పాలు తాగడం లేదని అర్థం. చన్ను నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలుంటాయి, కంటికి తాగుతున్నట్టే కనిపిస్తాయి. కాటా ఒక్కటే నిజం చెబుతుంది.

బరువు పెరగని పిల్లకి వరసగా మూడు చూడండి: ఒళ్లు వెచ్చగా ఉందా, నోరు గట్టిగా చప్పరిస్తోందా, వేరే పిల్ల తోసేస్తోందా. మూడూ బాగున్నా పెరగకపోతే డాక్టరు దగ్గరికి.

5. వేడి ఎంత ఉండాలి

పెట్టె లోపల, పిల్లలు పడుకునే మట్టంలో మొదటి వారం 29 నుంచి 32 సెల్సియస్, రెండో వారం 26 నుంచి 29, మూడో వారం నుంచి మెల్లగా 24 వరకు. ఈ లెక్కలు చదివి రోహిణి కార్తెలో బల్బు పెట్టేవాళ్లున్నారు. మే నెలలో బెజవాడ గదిలో రాత్రి పూటే 32 దాటుతుంది. అప్పుడు బల్బు అక్కర్లేదు సరికదా, పెట్టె లోపల పై లెక్క కన్నా తగ్గకుండా చూసుకుంటూ ఏసీ 27, 28లో పెట్టి, గాలి నేరుగా పెట్టె మీదికి రాకుండా అడ్డు కట్టాలి. కూలర్ గాలి చెమ్మగా, జోరుగా వస్తుంది, పెట్టెకి దూరంగా ఉంచండి. కరెంటు పోతే తల్లికి తడిగుడ్డ వేయొచ్చు గానీ పిల్లలకి వేయొద్దు. చుట్టిన గుడ్డలో ఐసు సీసా పెట్టి పెట్టె బయటి గోడకి ఆనించండి.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు మాత్రం మోసం చేస్తాయి. మనకి హాయిగా ఉన్న చలి పిల్లకి ప్రాణం మీదికొస్తుంది. పెట్టెకి ఒక చివర మాత్రమే, మూడడుగుల ఎత్తున 60 వాట్ల పాతకాలపు బల్బు కట్టండి. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు. రెండో చివర చల్లగా వదిలేస్తే పిల్ల తనకి కావాల్సిన చోటికి పాకుతుంది.

పిల్లల్ని చూసి పోల్చుకోండి. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఏడుస్తుంటే చలి. దూరదూరంగా పడి నోరు తెరిచి రొప్పుతుంటే ఉక్క. పక్కపక్కన పడుకుని నిద్రలో చిన్నగా ఉలిక్కిపడుతుంటే సరిగ్గా ఉంది.

చల్లబడిపోయిన పిల్లకి పాలు పట్టొద్దు. ఇది ఎంత చెప్పినా తక్కువే. ఒంటి వేడి 94 ఫారన్‌హీట్ కన్నా పడిపోతే పేగు కదలదు. పోసిన పాలు లోపలే పులుస్తాయి లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటి వారంలో పిల్ల ఒంటి వేడి 95 నుంచి 99 మధ్య ఉండాలి. చల్లబడితే మీ ఒంటికి ఆనించి చొక్కా లోపల పెట్టుకుని గంట, రెండు గంటల మీద మెల్లగా వెచ్చబెట్టండి. వేడినీళ్లలో ముంచడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం వద్దు. వెచ్చబడ్డాక గోరువెచ్చని గ్లూకోజ్ నీళ్లు రెండు మూడు చుక్కలు చిగుళ్లకి రాయండి. పిల్ల కదిలాకే పాలు.

6. తల్లి పాలు చాలనప్పుడు

ఆవు పాలు, ప్యాకెట్ పాలు ఎందుకు వద్దంటే, కుక్క పాలతో పోలిస్తే వాటిలో మాంసకృత్తులు, కొవ్వు తక్కువ, పాలచక్కెర ఎక్కువ. పిల్లకి కడుపు నిండినట్టుంటుంది, బరువు పెరగదు, పైగా విరేచనాలు. నీళ్లు కలిపితే ఇంకా నష్టం. సెరిలాక్ కూడా ఈ వయసు పిల్లకి తిండి కాదు.

డబ్బా పాలపొడిని దాని మీద రాసిన కొలతలోనే కలపండి. గోరువెచ్చగా ఉండాలి, మణికట్టు మీద చుక్క వేస్తే వేడి తెలియకూడదు. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. రెండో వారం నాలుగు గంటలకోసారి. ఒక్కసారికి 100 గ్రాముల బరువుకి 4 మి.లీ. మించొద్దు, పొట్టలో అంతకన్నా పట్టదు.

మన చంటిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చేది ఇలాగే. పిల్ల బోర్లా ఉండాలి, తల కొంచెం పైకి. సిరంజీ పక్క మూతిలో పెట్టి, చప్పరిస్తున్న కొద్దీ ఒక్కో చుక్క. ముక్కులోంచి పాలు బుడగ వస్తే వెంటనే ఆపి తల కిందికి వంచండి.

పాలు పట్టాక తడి దూదితో పొట్ట కింద, మలద్వారం దగ్గర మెల్లగా తుడవాలి. మూడు వారాల దాకా ఆ తాకిడి లేకుండా ఉచ్చ, దొడ్డి రావు. తల్లి నాకుతుంటే మీ పని లేదు. ఉచ్చ ముదురు పసుపులో ఉంటే నీరు చాలడం లేదు.

డబ్బా దొరకని రాత్రి గడవడానికి మాత్రం: కాచి చల్లార్చిన చిక్కటి పాలు 240 మి.లీ., రెండు గుడ్ల పచ్చసొన, ఒక టీ చెంచా నూనె బాగా గిలక్కొట్టి వడగట్టి వాడండి. తెల్లసొన వేయొద్దు. తెల్లారాక డబ్బా తెచ్చుకోండి, దీన్నే కొనసాగించొద్దు.

7. తల్లిని మరిచిపోవద్దు

బాలింత అని పెరుగన్నం పత్యం పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మూడో వారానికి తల్లికి మామూలు తిండికి రెండు మూడింతలు కావాలి. పపీ ఫుడ్, ఉడికిన గుడ్డు, ఎముకలు తీసిన ఉడికించిన చికెన్, అన్నం. కూరలో ముక్కలు కడిగి పెట్టడం వద్దు, ఉల్లి వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండి ఉండాలి, అయితే పిల్లలకి అందని ఎత్తులో.

రోజూ ప్రతి చన్నూ నొక్కి చూడండి. గట్టిపడి, వేడిగా, ఎర్రగా ఉంటే పాలు గడ్డకట్టి చీము పట్టబోతోంది. ఆకుపచ్చ, గోధుమ రంగు స్రావం రెండు మూడు వారాలు తగ్గుతూ వస్తే మామూలే. దుర్వాసన, జ్వరం ఉంటే కాదు.

మొదటి నాలుగు వారాల్లో తల్లి కారణం లేకుండా రొప్పుతూ, కుదురు లేకుండా తిరుగుతూ, కాళ్లు బిగిసి తూలుతుంటే అది కాల్షియం పడిపోవడం. గంటల్లో ప్రాణం పోతుంది. పిల్లల్ని వెంటనే వేరు చేసి తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నరానికి కాల్షియం మెల్లగా ఎక్కిస్తే కళ్ల ముందే కోలుకుంటుంది. నోటితో సిరప్ పోస్తూ కూర్చోవద్దు, మింగే స్థితిలో ఉండదు.

8. రెండో వారం నుంచి నాలుగో వారం

కళ్లు 10 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. వేలితో విప్పొద్దు. రెప్ప ఉబ్బి చీము కనబడితే మాత్రం డాక్టరు చూడాలి. గోళ్లు వారానికోసారి కొస మాత్రం కత్తిరించండి, లేకపోతే తల్లి రొమ్ములు గీరుకుపోయి పాలివ్వడం మానేస్తుంది.

పెట్టెలో వట్టి న్యూస్ పేపర్ మీద పిల్లలు నడక నేర్చుకుంటే కాళ్లు జారి, కప్పలా పక్కలకి పోతాయి. టైల్స్ నేల కూడా అంతే. పేపర్ మీద గరుకు తువ్వాలు బిగించి పరవండి. మూడు వారాలు దాటినా పిల్ల లేచి నిలబడకపోతే ఆలస్యం చేయొద్దు, ఈ వయసులో సరిచేయడం తేలిక.

నులిపురుగుల మందు 2, 4, 6, 8 వారాలకి, తల్లికి కూడా. ఆ రోజు పొద్దున తూచిన బరువు డాక్టరుకి చెప్పి డోసు రాయించుకోండి. పిల్లల సిరప్ అర చెంచా అని అందాజుగా పోయడం 300 గ్రాముల ప్రాణితో చెలగాటం.

గోమార్లు కనిపిస్తే పట్టకారుతో పీకండి. పెద్ద కుక్కల పౌడరు, స్ప్రే పిల్లలకి గానీ పాలిచ్చే తల్లికి గానీ అడక్కుండా వాడొద్దు. స్నానం కూడా ఎనిమిది వారాల దాకా అక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

9. తిండి అలవాటు

మూడున్నర, నాలుగు వారాలకి పళ్లు పొడుచుకొస్తాయి. పపీ స్టార్టర్ ఫుడ్ ఒక వంతు, గోరువెచ్చని నీళ్లు మూడు వంతులు కలిపి, నానాక జావలా మెదిపి, అంచు తక్కువున్న పళ్లెంలో పెట్టండి. మొదటి రోజు అందులో నడుస్తాయి, కాళ్లు నాకుతాయి, అదే పాఠం. మూతి పళ్లెంలోకి నొక్కొద్దు. రోజుకి నాలుగుసార్లు, ప్రతిసారీ తాజాగా. మన ఎండలకి అరగంట దాటిన జావ పారేయండి.

వారం వారం నీళ్లు తగ్గిస్తూ ఏడో వారం చివరికి పొడి గింజల దాకా రావాలి. సరిగ్గా సాగుతోందని ఎలా తెలుస్తుంది? బరువు పెరుగుతూనే ఉంటుంది, దొడ్డి ముద్దగా చేతికి తీయొచ్చేలా ఉంటుంది. పొట్ట మాత్రం కుండలా ఉబ్బి, వీపు ఎముకలు తగులుతుంటే పురుగులు.

ఈ జాతుల్లో తిండి ఒక పూట తప్పినా రక్తంలో చక్కెర పడిపోయి పిల్ల తూలుతుంది, కళ్లు తేలేస్తుంది. చిగుళ్లకి తేనె గానీ గ్లూకోజ్ గానీ రాసి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. నాలుగు నెలల దాకా రోజుకి నాలుగు పూటలు తప్పకూడదు.

10. టీకాలు, శుభ్రత

మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండే దాకా. రేబిస్ టీకా పన్నెండు వారాలకి. ఒక్క టీకా పడింది కదా అని రోడ్డు మీద దించితే పార్వో (వాంతులు, రక్త విరేచనాలతో పిల్లల్ని చంపే వైరస్ జబ్బు) పట్టుకుంటుంది. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ మొదటి టీకాని పని చేయనివ్వకపోవచ్చు, అందుకే అన్ని డోసులు.

పార్వో క్రిమి ఫినాయిల్‌కి చావదు. లిక్విడ్ బ్లీచ్ ఒక పాలుకి ముప్పై పాళ్లు నీళ్లు కలిపి, ముందు మురికి కడిగిన నేల మీద పోసి పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి ఆరాకే పిల్లల్ని వదలండి. చూడ్డానికి వచ్చేవాళ్లు చెప్పులు వీధి గుమ్మం బయటే వదిలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అదే రోజు వేరే చోట పిల్లల్ని చూసి వచ్చినవాళ్లని ఇంకో రోజు రమ్మనండి. ఆసుపత్రిలో పిల్లని నేల మీద దించొద్దు, బుట్టలోనే ఉంచండి.

11. మనుషుల మధ్య పెరగాలి

మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా చూసినవీ విన్నవీ పిల్ల స్వభావంలో నిలిచిపోతాయి. కుక్కర్ విజిల్, మిక్సీ, ఆటో హారన్, ఇంటికొచ్చే పిల్లల గోల, గాజుల చేతులు, గడ్డం ముఖాలు అన్నీ కొద్ది కొద్దిగా పరిచయం చేయండి. ఒక్కోదాన్నీ విడిగా ఎత్తుకుని పది నిమిషాలు వేరే గదిలో గడపండి. పాదాలు, చెవులు, నోరు తాకండి, రేపు డాక్టరు దగ్గర కరవకుండా ఉంటుంది. పడక నుంచి దూరంగా ఒక మూల పేపరు పరిస్తే మూడున్నర వారాలకే అక్కడికి వెళ్లి ఉచ్చ పోయడం మొదలుపెడతాయి.

నలభై అయిదు రోజులకే ఎందుకు ఇవ్వకూడదంటే, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పిల్ల తోబుట్టువులతో కొట్లాడుతూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది ఏడుస్తుందో నేర్చుకుంటుంది. తిండి పూర్తిగా పట్టుబడేది కూడా అప్పుడే. ముందే తీసుకెళ్లిన పిల్లలు కరవడం, ఒంటరిగా ఉంటే ఏడవడం, కొత్త ఇంట్లో తిండి మానేసి చక్కెర పడిపోవడం ఎక్కువ. చట్టం కూడా ఇదే అంటుంది. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మకానికి పిల్లల్ని వేయించేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి.

12. ఇల్లు వెతకడం

అయిదో వారం నుంచి మాట్లాడటం మొదలుపెట్టండి, ఎనిమిది నిండాకే ఇవ్వండి. మంచి ఇళ్లు ఎక్కువగా దొరికేది మీ డాక్టరు ద్వారా, ఇప్పటికే కుక్కని బాగా చూసుకుంటున్నవాళ్ల ద్వారా. ఆన్‌లైన్ ప్రకటన పెడితే ఇంటి అడ్రసు రాయొద్దు, తల్లితో ఉన్న ఫొటో పెట్టండి.

ఫోన్‌లో మొదటి మాటే "ఎంత?" అయితే తప్పు పట్టక్కర్లేదు, మీరే ప్రశ్నలు అడగండి:

- పగలు ఇంట్లో ఎవరుంటారు? ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తే నాలుగు పూటల తిండి ఎవరు పెడతారు?
- అద్దె ఇల్లా? ఓనరుతో మాట్లాడారా? అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. కానీ ఓనరు ఖాళీ చేయమంటే ముందు రోడ్డున పడేది కుక్కే.
- అయిదేళ్ల లోపు పిల్లలున్నారా? చేతుల్లోంచి జారితే ఈ జాతుల కాళ్లు విరుగుతాయి.
- ఇంతకు ముందు కుక్క ఉండేదా, ఏమైంది? పార్వోతో పోయి ఉంటే ఆ క్రిమి ఇంటి ఆవరణలో ఏడాది దాకా ఉండొచ్చు. టీకాలన్నీ పూర్తయ్యే దాకా ఆ ఇంటికి ఇవ్వొద్దు.
- ఎక్కడ ఉంచుతారు? డాబా మీద కట్టేస్తామంటే అక్కడితో ఆపండి. షిట్జు, పగ్ మన మే నెలలో డాబా మీద ఒక్క మధ్యాహ్నం కూడా ఆగలేవు.
- అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్తే కుక్కని ఎవరు చూస్తారు? బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఇది తప్పక అడగాల్సిన మాట. వయసు మళ్లిన కుక్కలు చాలావరకు రోడ్డు పాలయ్యేది అప్పుడే. చూసుకునే మనిషి పేరు చెప్పగలిగితేనే ముందుకెళ్లండి.

ఆడపిల్లలే కావాలనీ, రెండు మూడు ఒకేసారి ఇమ్మనీ, వయసు ఆరోగ్యం ఏమీ అడగకుండా అడ్వాన్సు పంపుతాననీ అనేవాళ్లు తిరిగి అమ్మేవాళ్లో, ఏటా ఈనించేవాళ్లో అయి ఉంటారు. వద్దని చెప్పడానికి మొహమాటపడొద్దు. చుట్టాలైనా సరే, ఇవే ప్రశ్నలు. పుట్టినరోజుకి ఆశ్చర్యపరచడానికి అడిగితే ఇంట్లో అందరూ వచ్చి చూశాకే.

ఆడపిల్లలకి ఇల్లు దొరకడం ఆలస్యమవుతుంది. తొందరపడి ఎవరికో కట్టబెట్టకుండా నాలుగు నెలల దాకా మీ దగ్గరే ఉంచుకోవడానికి ముందే సిద్ధపడండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో డాక్టరుని అడిగి కాగితం మీద రాసివ్వండి.

వాళ్లకి నచ్చిన రంగు పిల్లని తీసుకుపోనివ్వకుండా మీరే జత కుదర్చండి. గోలగా ఉండే ఇంటికి చురుకైన పిల్ల, పెద్దవాళ్లిద్దరే ఉన్న ఇంటికి నెమ్మదైన పిల్ల. ఎనిమిది వారాలు రోజూ చూసిన మీకే ఆ సంగతి తెలుస్తుంది.

13. పంపే రోజు

పొద్దున చల్లటి వేళ, కారులో, ఒడిలో బుట్టతో. బయల్దేరే రెండు గంటల ముందు కొంచెం తిండి పెట్టండి, ఖాళీ కడుపుతో పంపితే చక్కెర పడిపోతుంది. హైదరాబాదుకైనా సరే, బస్సు డిక్కీలో పార్సిల్‌గా పంపొద్దు. వచ్చి తీసుకెళ్లలేనివాళ్లు పెంచలేరు.

వెంట ఇవ్వాల్సినవి: టీకా పుస్తకం, నులిపురుగుల మందు వేసిన తేదీలు, బరువుల కాగితం, వారం పది రోజులకి సరిపడా ఇప్పుడు తింటున్న తిండి, తల్లి వాసన ఉన్న గుడ్డ ముక్క. తిండి మార్చాలనుకుంటే వారం మీద మెల్లగా కలుపుతూ మార్చమనండి. రెండు పేజీల ఒప్పందం చాలు: ఇద్దరి వివరాలు, తర్వాతి టీకా తేదీ, మూడు రోజుల్లో వాళ్ల డాక్టరుకి చూపించాలని, ఎప్పుడైనా పెంచలేకపోతే వేరేవాళ్లకి ఇవ్వకుండా మీకే తిరిగివ్వాలని.

ఆ రాత్రి మీరే ఫోన్ చేయండి. పిల్ల ఏడుస్తుంటుంది, వాళ్లు కంగారుపడి రాత్రంతా నిద్రపోరు. బుట్ట వాళ్ల మంచం పక్కనే పెట్టుకోమనండి. మూడో రోజు తిండి, దొడ్డి గురించి అడగండి. తర్వాతి టీకా తేదీకి రెండు రోజుల ముందు గుర్తుచేయండి. ఫోన్ ఎత్తడం మానేసిన ఇంటికి ఒకసారి వెళ్లి చూడండి. పిల్ల చిక్కిపోయి, కట్టేసి కనిపిస్తే ఒప్పందం కాగితం చూపించి, డబ్బు తిరిగిచ్చి వెనక్కి తెచ్చుకోండి. వచ్చిన పిల్లని మీ ఇంట్లో మిగిలిన కుక్కలతో కలపకుండా రెండు వారాలు విడిగా ఉంచండి.